మోకాలిలోకి ఏం పంపారో కాగితం మీద రాసిమ్మనండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య మండళ్ల అధ్యక్షులకు, రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల కార్యదర్శులకు, ఔషధ నియంత్రణ అధికారులకు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారులకు

విషయం: కీళ్ల నొప్పులకు ఇస్తున్న పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మా), ‘స్టెమ్ సెల్’ (మూలకణ) ఇంజెక్షన్ల గురించి

నమస్కారం.

“ఆపరేషన్ లేకుండా మోకాలి నొప్పి మాయం”, “అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుంది” అనే మాటలు ఫ్లెక్సీల మీదా ఫోన్ తెరల మీదా రోజూ కనిపిస్తున్నాయి. రాసేవాళ్లకు ఖర్చు లేదు. నమ్మి వెళ్లే పెద్దవాళ్లకు వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో ఖర్చవుతోంది. ఈ చికిత్సలన్నీ మోసమని చెప్పడానికి మేము ఈ ఉత్తరం రాయడం లేదు. వీటిలో కొన్ని సరైన మనిషికి, సరైన మోతాదులో ఇస్తే కొన్ని నెలల పాటు నొప్పి తగ్గిస్తాయి. మా ఫిర్యాదల్లా ఒక్కటే: ఎంత మోతాదు ఇచ్చారో కొలవకుండా, రాయకుండా ఇస్తున్న మందు ఇది. పది రూపాయల మాత్ర అట్ట మీద కూడా ఎన్ని మిల్లీగ్రాములో అచ్చు వేసి ఉంటుంది. మోకాలి కీలులోకి నేరుగా ఎక్కించే ద్రవానికి మాత్రం ఆ చీటీ లేదు.

డెంగీ వల్ల ప్లేట్‌లెట్ అనే మాట ఊరూరా తెలుసు. మనిషి రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. గాయమైన చోట రక్తం గడ్డ కట్టించడమే కాక, మాన్పే ప్రక్రియను మొదలుపెట్టే ప్రోటీన్లు కూడా వాటి సంచుల్లోనే ఉంటాయి. రోగి చేతి నుంచి రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఎర్ర కణాలను వదిలేసి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మాను కీలులోకి ఎక్కిస్తే అది పీఆర్‌పీ. సూత్రం ఇంతే. గొడవంతా లెక్క దగ్గరే వస్తుంది.

మోకాలి అరుగుదలకు ఒక విడతలో సుమారు 1,000 కోట్ల ప్లేట్‌లెట్లు కీలులోకి చేరాలని మోతాదు మీద జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. రోగి కౌంట్ మైక్రోలీటరుకు 2 లక్షలు అనుకుందాం. 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తే అందులో ఉన్నవే 200 కోట్లు. 30 మి.లీ. తీస్తే 600 కోట్లు. ఒక్క ప్లేట్‌లెట్ కూడా పోకుండా పట్టుకున్నా వెయ్యి కోట్లు రావు. 60 మి.లీ. తీస్తే 1,200 కోట్లు ఉంటాయి, తిప్పి వేరు చేయడంలో నూటికి 70 దక్కితే చేతికొచ్చేవి 840 కోట్లు. అలాంటప్పుడు రెండు చిన్న గొట్టాల రక్తం తీసి “ఫుల్ డోస్ ఇచ్చాం” అనే క్లినిక్ ఏ లెక్కన ఇచ్చింది? “అయిదు రెట్లు చిక్కగా చేశాం” అన్నంత మాత్రాన సరిపోదు. అయిదు రెట్లు చిక్కనిదాన్ని 2 మి.లీ. ఇస్తే మైక్రోలీటరుకు 10 లక్షల చొప్పున 200 కోట్లే. చిక్కదనాన్ని పరిమాణంతో గుణిస్తేనే మోతాదు తేలుతుంది.

ఇది కనుక్కోవడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. తయారైన పీఆర్‌పీలోంచి అర మిల్లీలీటరు ఊదా మూత గొట్టంలో వేసి, పది నిమిషాలు మెల్లగా కలిపి, సెలైన్‌తో అయిదింతలు పలచన చేసి, సీబీపీ చేసే మెషీన్ మీదే పెట్టి, వచ్చిన అంకెను అయిదుతో గుణిస్తే చాలు. పలచన చేయకపోతే కౌంట్ మెషీన్ పరిమితి దాటి తప్పుడు అంకె రావచ్చు. కలపకపోతే ప్లేట్‌లెట్లు ముద్ద కట్టి తక్కువ చూపిస్తుంది. ఇంత చిన్న పరీక్షను వదిలేయడానికి ఖర్చును సాకుగా చూపడం కుదరదు.

తిప్పే యంత్రం దగ్గర జరిగే పొరపాటును కాస్త వివరంగానే చెప్పాలి. చాలా క్లినిక్‌ల గోడ మీద “1,500 ఆర్‌పీఎమ్, 10 నిమిషాలు” అని రాసిన కాగితం అంటించి ఉంటుంది. ఆర్‌పీఎమ్ నిమిషానికి చుట్లు మాత్రమే. కణాలను వేరు చేసేది తిప్పినప్పుడు పుట్టే బలం, అది గురుత్వాకర్షణకు ఎన్ని రెట్లో చెప్పే కొలత జీ. అది రోటర్ (గొట్టాలను తిప్పే చక్రం) వ్యాసార్థం మీద కూడా ఆధారపడుతుంది. ఆర్‌పీఎమ్‌ను వెయ్యితో భాగించి, వర్గం చేసి, సెంటీమీటర్లలో వ్యాసార్థంతోనూ 11.18తోనూ గుణిస్తే జీ వస్తుంది. 10 సెం.మీ. రోటర్ ఉన్న యంత్రంలో 1,500 చుట్లంటే సుమారు 250 జీ. 16 సెం.మీ. రోటర్‌లో అవే 1,500 చుట్లు 400 జీ దాటుతాయి. మొదటి తిప్పుడు మెల్లగా, సాధారణంగా 150–250 జీ మధ్య ఉండాలి. బలం ఎక్కువైతే ప్లేట్‌లెట్లు కూడా ఎర్ర కణాలతో పాటు అడుగుకు దిగిపోతాయి. పైన తేట పసుపు ద్రవం అందంగానే కనిపిస్తుంది, దాన్నే సిరంజిలోకి లాగుతారు. అందులో ఉండేది దాదాపు ఒట్టి ప్లాస్మా. పక్క క్లినిక్ పట్టీని తెచ్చి తమ యంత్రానికి అంటించుకుంటే జరిగేది ఇదే.

రెండు తిప్పుళ్ల పద్ధతిలో మొదటిసారి తిప్పాక పై పొరను మరో గొట్టంలోకి మార్చి, ఈసారి బలంగా తిప్పుతారు. ప్లేట్‌లెట్లు అడుగున చేరతాయి. పైన మూడింట రెండు వంతులు తీసేసి, మిగిలిన దాంట్లో అడుగు బొత్తిని మెల్లగా కదిలించి కలపాలి. ఇక్కడ రెండు తప్పులు మామూలు. యంత్రం ఆగేటప్పుడు బ్రేక్ వేయడం ఒకటి: ఆ కుదుపుకు విడిపోయిన పొరలు మళ్లీ కలుస్తాయి. గొట్టాన్ని గట్టిగా ఊపడం రెండోది: ప్లేట్‌లెట్లు అక్కడే తెరుచుకుని, లోపలి ప్రోటీన్లు కీలులోకి చేరకముందే ఖర్చయిపోతాయి. గది వేడి కూడా తక్కువ విషయం కాదు. ఈ పని 20–24 డిగ్రీల మధ్య చేయాలి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో సెంట్రిఫ్యూజ్ నడిపితే లోపల ఎంత వేడెక్కుతుందో చెప్పనక్కర్లేదు. అలాగని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చలికీ ప్లేట్‌లెట్లు పాడవుతాయి.

గొట్టాల సంగతి మరీ ముఖ్యం. రక్త పరీక్షలకు వాడే ఊదా మూత, నీలి మూత గొట్టాలు పరీక్షల కోసం చేసినవి. వాటిలో తీసిన రక్తాన్ని తిరిగి మనిషిలోకి ఎక్కించకూడదు. పీఆర్‌పీకి ఏసీడీ-ఏ అనే గడ్డ నిరోధకం ఉన్న, తిరిగి ఎక్కించడానికి అనుమతి ఉన్న స్టెరైల్ కిట్ వాడాలి. సుమారు 9 మి.లీ. రక్తానికి 1 మి.లీ. ఏసీడీ-ఏ సరిపోతుంది. ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి మూత తెరిచి పోసే పని ఉంటే అది వడగట్టిన శుభ్రమైన గాలి వీచే లామినార్ ఫ్లో కింద జరగాలి, కౌంటర్ టేబుల్ మీద కాదు.

ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు మత్తుమందు చర్మానికి మాత్రమే. లిగ్నోకెయిన్, బుపివకెయిన్‌లను పీఆర్‌పీలో కలిపి కీలులోకి పంపితే ప్లేట్‌లెట్ల పని దెబ్బతింటుంది, కార్టిలేజ్ (గుజ్జు) కణాలకూ అవి మంచివి కావు. రోగికి “నొప్పి లేకుండా చేశారు” అనిపిస్తుంది, ఆ సౌఖ్యానికి మూల్యం మందు చెల్లిస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వారం ముందు నుంచి ఆపాలి, తర్వాత కూడా కొన్నాళ్లు నొప్పికి పారాసిటమాల్‌తోనే సర్దుకోవాలి. గుండెకు స్టెంట్ పడినవాళ్లు మాత్రం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ తమంతట తాము ఆపకూడదు. మోకాలి సూది కోసం గుండె మాత్ర మానేయమనే సలహాను కార్డియాలజిస్టు ఒప్పుకోకుండా ఎవరూ ఇవ్వకూడదు.

ఇప్పుడు ఫలితాల మాట. చండీగఢ్ పీజీఐ ఆస్పత్రిలో 78 మందిపై చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో సెలైన్ (మందు లేని ఉప్పునీరు) తీసుకున్నవాళ్ల కంటే పీఆర్‌పీ తీసుకున్నవాళ్లకు నొప్పి బాగా తగ్గింది. ఒక సూదికీ రెండు సూదులకూ పెద్ద తేడా రాలేదు, ఆరు నెలలకు ప్రయోజనం తగ్గడం మొదలైంది. ఆస్ట్రేలియాలో 288 మందికి వారానికొకటి చొప్పున మూడు సూదులిచ్చి ఏడాది గమనించి 2021లో ప్రచురించిన పెద్ద పరీక్షలో నొప్పి 0–10 కొలతపై పీఆర్‌పీతో 2.1, ఉప్పునీటితో 1.8 తగ్గింది, తేడా లెక్కలోకి రాలేదు. లోపలి వైపు కార్టిలేజ్ పరిమాణం పీఆర్‌పీ వాళ్లలో 1.4 శాతం, సెలైన్ వాళ్లలో 1.2 శాతం తగ్గింది. అంటే గుజ్జు పెరగలేదు సరికదా, అరుగుదల ఆగనూ లేదు. ఆ పరీక్షలో వాడిన పీఆర్‌పీ పలచనిదన్న విమర్శ వచ్చింది, అందులో నిజముంది. సరిగ్గా అందుకే కొలత రాయమంటున్నాం. ఒకరి పీఆర్‌పీ ఇంకొకరి పీఆర్‌పీతో పోలని స్థితిలోనే అమెరికన్ రుమటాలజీ కాలేజ్ 2019 మార్గదర్శకాలు మోకాలు, తుంటి అరుగుదలకు దీన్ని వాడవద్దని గట్టిగా చెప్పాయి.

కాబట్టి రోగికి నిజాయితీగా చెప్పగలిగింది ఇంత: “మొదటి దశల్లో ఉన్న అరుగుదలలో కొందరికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా నొప్పి తగ్గవచ్చు. కొందరికి తగ్గదు. గుజ్జు తిరిగి పెరుగుతుందని రుజువు లేదు.” ఈ మూడు వాక్యాలు చెప్పి సూది వేస్తే మాకు అభ్యంతరం లేదు.

స్టెమ్ సెల్ పేరుతో జరిగేది దీని కంటే బరువైన విషయం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్ఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి లాంటి ఆమోదిత వాడకాలు తప్ప, మూలకణాలను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలి. డబ్బు తీసుకుని చికిత్సగా అమ్మకూడదు. 2019 కొత్త ఔషధాల నిబంధనలు మూలకణ ఉత్పత్తులను కొత్త మందుల కిందే లెక్కిస్తాయి. అయినా పొట్ట దగ్గర కొవ్వు తీసి, ఎంజైమ్ పోసి కరిగించి, “మీ సొంత కణాలే కదా” అంటూ అదే రోజు మోకాలికి ఎక్కించే ప్యాకేజీలు అమ్ముడవుతున్నాయి. తన కొవ్వే అయినా ఎంజైమ్‌తో విడగొట్టాక అది సూదికి సిద్ధమైన వేరే పదార్థం. అమెరికాలో 2023లో ప్రచురితమైన, సుమారు 480 మందిపై చేసిన పరీక్షలో ఎముక మజ్జ సారం, కొవ్వు కణాలు, బొడ్డుతాడు కణాలు మూడింటినీ మామూలు స్టెరాయిడ్ సూదితో పోల్చారు. ఏడాది తర్వాత మూడింట్లో ఏదీ స్టెరాయిడ్ కంటే మెరుగని తేలలేదు.

మన దేశంలో మోకాలి అరుగుదలకు దేశ ఔషధ నియంత్రణాధికారి (డీసీజీఐ) అనుమతి 2022లో పొందిన మూలకణ మందు ఉంది, స్టెమ్‌ప్యూసెల్. బెంగళూరు సంస్థ దాతల మజ్జ నుంచి పెంచిన కణాలు అవి, మోతాదు 2.5 కోట్ల కణాలు, వాడేది ఎక్స్‌రే చూసి తీవ్రతను బట్టి 4 దాకా వేసే గ్రేడ్లలో 2, 3 అరుగుదలకు. దాని మీద వాదనలు ఉండొచ్చు. కానీ దానికి బ్యాచ్ నంబరు ఉంది, కణాల లెక్క ఉంది, గడువు తేదీ ఉంది, తేడా వస్తే జవాబు చెప్పే తయారీదారు ఉన్నాడు. క్లినిక్ వెనక గదిలో తయారైనదానికి వీటిలో ఒక్కటీ ఉండదు.

ఎవరికి సూది వేయకూడదో కూడా తనిఖీల్లో చూడండి. నిలబెట్టి తీసిన ఎక్స్‌రే లేకుండా ఎవరికీ వేయకూడదు. పడుకోబెట్టి తీసినదాంట్లో ఎముకల మధ్య ఖాళీ ఉన్నదాని కంటే ఎక్కువ కనిపిస్తుంది. ఎముకకు ఎముక తగులుతూ కాలు విల్లులా వంగిన గ్రేడ్ 4 మోకాలికి పీఆర్‌పీ అమ్మడం డబ్బు గుంజడమే. పొద్దున లేవగానే గంటసేపు చేతి వేళ్లు బిగుసుకుపోతున్న మనిషికి మోకాలి సూది వేసి పంపిస్తే అసలు జబ్బు, అంటే రుమటాయిడ్ కీళ్లవాతం, మెథోట్రెక్సేట్ లాంటి మందు అందక నెలల తరబడి కీళ్లను తినేస్తుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో కీళ్లు బిగుసుకోవడానికి ఇంకో కారణం ఉంది: నీళ్లలోని ఫ్లోరైడ్. నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలను బిగించే ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే నమోదు చేశారు. నీళ్లలోంచి వచ్చిన ఆ బిగుతును ప్లేట్‌లెట్లు వదిలించవు. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి ఉండే నొప్పులు, యూరిక్ యాసిడ్ వాపులు, నడుము నుంచి దిగే నరం నొప్పి కూడా ‘గుజ్జు అరుగుదల’ ఖాతాలో పడిపోతున్నాయి. ప్లేట్‌లెట్ కౌంట్ లక్ష లోపు ఉన్నా, డెంగీ నుంచి ఇప్పుడే తేరుకుంటున్నా, ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ ఉన్నా, షుగర్ అదుపులో లేకపోయినా సూది వాయిదా వేయాల్సిందే.

సూది కంటే ముందు పన్నెండు వారాల వ్యాయామం రాసి ఇచ్చారా అని అడగండి. మేము చెప్పేది “రోజూ నడవండి” అనే వట్టి మాట కాదు. కుర్చీలో చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, మూడు విడతలు. పడుకుని మోకాలు వంచకుండా కాలును ఒక అడుగు ఎత్తుకు లేపి అయిదు సెకన్లు ఆపడం, అదీ పది చొప్పున మూడు విడతలు. మోకాలి కింద చుట్టిన తువ్వాలును తొడ బిగించి నొక్కడం. రోజు విడిచి రోజు చేయాలి. తేలికయ్యాక చీలమండకు కిలో బరువు కట్టాలి. చేసేటప్పుడు కొంత నొప్పి వచ్చినా పర్వాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థితికి రాకపోతే విడతలు తగ్గించాలి. చేతికర్ర నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో, మణికట్టు ఎత్తులో ఉండాలి. మన ఇళ్లలో చాలామంది దాన్ని నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. 80 కిలోల మనిషి 8 కిలోలు తగ్గితే అడుగడుగునా 32 కిలోలు దిగినట్టే. ఈ పనికి ఫ్లెక్సీ కట్టేవాళ్లు లేరు, అదే బాధ.

ప్రమాదాల్లో మేము అన్నిటికంటే భయపడేది కీలులో చీము. సూది తర్వాత రెండు మూడు రోజులు వాపు, సలుపు సహజం. కానీ జ్వరం, మోకాలు ఎర్రబడి కాలిపోతున్నట్టుండటం, కాలు నేల మీద పెట్టలేకపోవడం, నొప్పి తగ్గాల్సింది రోజురోజుకూ పెరగడం కనిపిస్తే అది ‘రియాక్షన్’ కాదు. ముందు కీలులోని నీరు లాగి కల్చర్‌కు పంపి, ఆ తర్వాతే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ముందే మాత్రలు మింగిస్తే ఏ క్రిమో దొరకదు. గంటలు గడిచేకొద్దీ కార్టిలేజ్ కరిగిపోతుంది. గుజ్జు పెంచుతామని చేసిన సూది ఉన్న గుజ్జును కూడా తీసుకుపోయే దారి ఇదే.

మీ చేతిలో అధికారాలు లేకపోలేదు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకటనలతో రోగులను పిలవడాన్ని నిషేధించింది. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం షెడ్యూల్‌లో, అంటే నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో, రుమాటిజం (కీళ్లవాతం) ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 ప్రైవేటు వైద్య సంస్థల చట్టం, తెలంగాణలో 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, తనిఖీ మీవే. మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ హద్దు పెట్టింది. ఆపరేషన్ గదిలో లోహపు ముక్క ధర కాగితం మీద కనిపిస్తున్నప్పుడు, పక్క గదిలో వేసే సూది ధర గోడ మీద కనిపించడానికి ఏం అడ్డం?

మేము కోరేది ఒక పేజీ కార్డు. ప్రతి పీఆర్‌పీ ఇంజెక్షన్‌కూ తెలుగులో నింపి రోగి చేతికివ్వాలి, నకలు రెండేళ్లు క్లినిక్‌లో ఉంచాలి. ఎక్స్‌రే తేదీ, గ్రేడ్. తీసిన రక్తం ఎన్ని మి.లీ. కిట్ పేరు, బ్యాచ్ నంబరు. ఎన్ని జీ వద్ద ఎన్ని నిమిషాలు తిప్పారు. తయారైన ద్రవంలో మైక్రోలీటరుకు ప్లేట్‌లెట్లు, తెల్ల కణాలు, ఎక్కించిన మి.లీ., గుణిస్తే వచ్చిన మొత్తం. తెల్ల కణాలు ఎక్కువున్న పీఆర్‌పీ మోకాలికి ఇస్తే వాపు పెరగవచ్చు కనుక ఆ గడి ఖాళీగా వదలకూడదు. ఇచ్చిన డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు. తీసుకున్న డబ్బు. ‘స్టెమ్ సెల్’, ‘ఎక్సోజోమ్’ (కణాలు వదిలే సూక్ష్మ బుడగలు) అని రాసిన బోర్డులుంటే డీసీజీఐ అనుమతి పత్రమో ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరో చూపించమనండి, చూపించలేకపోతే బోర్డు దింపించండి.

కార్డు అడుగున ఒక ఫోన్ నంబరు ఉండాలి. రిసెప్షన్ నంబరు కాదు. ఇంజెక్షన్ తర్వాత మొదటి పది రోజులు రాత్రి రెండింటికి మోకాలు కాలిపోతోందని కబురు చేస్తే ఎత్తి, ఏ ఆస్పత్రికి వెళ్లాలో చెప్పే మనిషి నంబరు.

ఇట్లు,
రెండు రాష్ట్రాల ఎముకల వైద్యులు, ఫిజియోథెరపిస్టులు, బ్లడ్ సెంటర్, ల్యాబ్ సిబ్బంది కొందరం